రిజిస్టరైన పాత వీలునామా ఉండగా, నాన్నగారు పోయాక తెల్లకాగితం మీద ఇంకొకటి బయటికి వచ్చింది. ఏది చెల్లుతుంది?

మూడోవాటా
మా నాన్నగారు నాలుగు నెలల క్రితం కాలం చేశారు. అమ్మ అంతకు ఆరేళ్ల ముందే వెళ్లిపోయింది. మేము ముగ్గురం: పెద్దన్నయ్య, చిన్నన్నయ్య, నేను. 2016లో నాన్నగారు స్వయంగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, ఇల్లూ రెండెకరాల పొలమూ ముగ్గురికీ సమానంగా రాస్తూ వీలునామా రిజిస్టర్ చేయించారు. ఆ సంగతి ఆయనే మా అందరినీ కూర్చోబెట్టి చెప్పారు.

కర్మకాండలు ముగిసిన మర్నాడు పెద్దన్నయ్య ఒక ప్లాస్టిక్ కవరులోంచి రెండు తెల్లకాగితాలు తీసి, ఇదే నాన్న ఆఖరి వీలునామా అంటూ చదివి వినిపించాడు. దాని ప్రకారం ఇల్లు మొత్తం అన్నయ్య కొడుక్కి, పొలంలో చెరి సగం అన్నలిద్దరికీ. నాకు మాత్రం "పెళ్లి సమయమున ఇవ్వవలసినదంతయు ఇచ్చియున్నందున" ఏమీ లేదు. సాక్షులు ఇద్దరిలో ఒకరు వదిన తమ్ముడు, మరొకరు మా ఇంటి కింది వాటాలో అద్దెకుంటున్నాయన. రిజిస్ట్రేషన్ జరగలేదు. దాని మీది తేదీ నాన్నగారికి పక్షవాతం వచ్చిన ఆరు వారాల తరువాతది. అసలు కాగితం అన్నయ్య దగ్గరే ఉంది, నాకు వాట్సాప్‌లో ఫోటో మాత్రమే పంపాడు. ప్రభుత్వ ముద్ర ఉన్న పత్రాన్ని ఒక తెల్లకాగితం ఎలా రద్దు చేయగలదు?

గట్టుమీది_చెట్టు
రద్దు చేయలేదు. రిజిస్టర్ అయినదే చెల్లుతుంది. మీరు నిశ్చింతగా ఉండండి.

నల్లకోటు
పై సమాధానం తప్పు, దాన్ని నమ్ముకుని నిశ్చింతగా ఉండవద్దు. వీలునామాకు రిజిస్ట్రేషన్ ఐచ్ఛికమని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 18వ సెక్షనే చెబుతోంది. స్టాంపు పేపరు కూడా అక్కరలేదు. భారత వారసత్వ చట్టం, 1925లోని 70వ సెక్షన్ ప్రకారం ముందు రాసిన వీలునామాను తరువాతి వీలునామా రద్దు చేయగలదు. మొదటిది రిజిస్టరై, రెండోది కాకపోయినా ఇదే నియమం. కాబట్టి "ఏది రిజిస్టరైంది" అన్నది మీ ప్రశ్న కాదు. "రెండోది నిజంగా నాన్నగారు రాసినదేనా, రాసినప్పుడు ఆయన మనసు స్థిమితంగా ఉందా, చట్టం చెప్పిన తీరులో సాక్షులు సంతకాలు చేశారా" అన్నది మీ ప్రశ్న. వీటిని రుజువు చేయవలసిన బాధ్యత మీది కాదు, మీ పెద్దన్నయ్య గారిది.

గట్టుమీది_చెట్టు
నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే రిజిస్ట్రేషన్ దేనికి చేయించుకుంటున్నట్టు?

నల్లకోటు
పత్రం మాయం కాకుండా, దిద్దుబాటుకు గురికాకుండా ఉండేందుకు. రాసినాయన అధికారి ఎదుట హాజరయ్యారనడానికి ఒక ఆధారం మిగిలేందుకు. అంతకు మించి దానికి మహిమ లేదు. రిజిస్టరైన వీలునామాలను కూడా కోర్టులు కొట్టివేసిన సందర్భాలు కొల్లలు.

విశ్రాంత_దస్తూరి
ముప్పై ఏళ్లకు పైగా రిజిస్ట్రారాఫీసు ఎదుట బల్ల వేసుకుని దస్తావేజులు రాసిన వాడిని. చట్టం సంగతి వకీలు గారు చూసుకుంటారు, నేను కాగితం సంగతి అడుగుతాను. ఆ ఫోటోలో ఈ నాలుగూ చూసి చెప్పండి: రెండు పేజీల కిందా సంతకం ఉందా, చివరి పేజీకే ఉందా? చివరి వాక్యానికీ సంతకానికీ మధ్య ఖాళీ ఎంత? ఆఖరి నాలుగైదు పంక్తులు పైవాటికంటే ఇరుకుగా ఉన్నాయా? దస్తూరి, అంటే పత్రం రాసిపెట్టిన మనిషి, పేరూ సంతకమూ ఎక్కడైనా ఉన్నాయా?

మూడోవాటా
మీరు అడిగాక పెద్దది చేసి చూశాను. సంతకం రెండో పేజీకి మాత్రమే ఉంది. మొదటి పేజీలో పంక్తికీ పంక్తికీ మధ్య వేలెడు ఖాళీ ఉండగా, రెండో పేజీ అడుగున అక్షరాలు ఒకదానినొకటి తోసుకుంటూ సంతకానికి ఆనుకుని ఉన్నాయి. "సాక్షులు" అన్న మాట సంతకం పక్కన అడ్డంగా రాశారు. దస్తూరి పేరు లేదు.

విశ్రాంత_దస్తూరి
ముందు సంతకం చేయించుకుని, తరువాత దాని పైన విషయం నింపిన కాగితాలు ఇలాగే కనిపిస్తాయి. నింపేవాడికి ఎక్కడ ఆగాలో తెలుసు గానీ ఎంత రాయాలో తెలియదు. అలాగే జరిగిందని నేను తీర్మానించను, తొందరలో రాసిన నిజమైన పత్రాలనూ ఇలా చూశాను. అయితే అసలు కాగితం కోర్టులో దాఖలైన రోజునే వకీలు గారిని తీసుకువెళ్లి వెలుతురులో పట్టుకుని చూడండి. ఫోటోలో సిరా తేడా కనబడదు.

వాయిదా_మూర్తి
నేను మా బాబాయిగారి వీలునామా మీద దావా వేసినప్పుడు మా మనవడు పుట్టలేదు. ఇప్పుడు వాడే నన్ను బండి మీద ఎక్కించుకుని కోర్టు దగ్గర దింపుతున్నాడు. మూడోవాటా గారిని భయపెట్టాలని కాదు, కాలం లెక్క కూడా మనసులో పెట్టుకోమని చెబుతున్నాను.

ఇంటిపెద్ద
నాకు ఇందులో వేరే కోణం కనిపిస్తోంది. అయిదేళ్లుగా నాన్నగారిని చూసుకున్నది ఎవరు? పెద్దన్నయ్య గారింట్లోనే ఉండి ఉంటే, సేవ చేసిన వారికి ఎక్కువ రాయడంలో అనుమానించవలసిందేముంది? కూతురికి రాయలేదు కాబట్టి అది దొంగ వీలునామా అనడం న్యాయం కాదు. అందరికీ సమానంగా పంచదలచిన మనిషికి వీలునామాతో పనేముంది, వారసత్వ చట్టమే ఆ పని చేస్తుంది కదా?

నల్లకోటు
ఇంటిపెద్ద గారి మాటలో చట్టబలం ఉంది. సహజ వారసులను తప్పించడం ఒక్కటే అనుమానాస్పద పరిస్థితి కాదని 1995లో సుప్రీంకోర్టు రవీంద్రనాథ్ ముఖర్జీ కేసులో చెప్పింది. వారసత్వ క్రమాన్ని మార్చడానికే వీలునామా రాస్తారు కాబట్టి, కాస్త మారినంత మాత్రాన ఉలిక్కిపడనవసరం లేదన్నది దాని సారాంశం.

అయితే ఇక్కడ ఉన్నది అదొక్కటే కాదు. వెంకటాచల అయ్యంగార్ కేసు తీర్పు 1959 రిపోర్టుల్లో ఉంది, నేటికీ వీలునామా తగాదాలన్నిటికీ మూలస్తంభం అదే. సంతకం వణికినట్టుగా లేదా సందేహాస్పదంగా ఉన్నా, రాసినాయన మనసు బలహీనంగా ఉన్నా, లాభం పొందేవాడే దగ్గరుండి రాయించినా, ఆ అనుమానాలను తొలగించే భారం వీలునామాను ముందుకు తెచ్చిన వాడిదేనని ఆ తీర్పు చెబుతుంది. పక్షవాతం, బంధువు సాక్షి, దస్తూరి లేకపోవడం, నాలుగు గోడల మధ్య దాచి ఉంచడం, ఇరికించిన పంక్తులు అన్నీ కలిపి చూస్తారు. ఒక్కొక్కటి విడిగా తీస్తే దేనికైనా సమాధానం చెప్పవచ్చు.

మూడోవాటా
ఇంటిపెద్ద గారూ, నాన్నగారు సొంత ఇంట్లోనే ఉన్నారు. పైవాటాలో అన్నయ్య కుటుంబం ఆయనతో కలిసే ఉండేది, వదిన చేసిన సేవను నేను ఎన్నడూ కాదనలేదు. ఆయన ఇల్లు మొత్తం అన్నయ్య కొడుక్కి రాశానని బతికుండగా నా ఎదురుగా చెప్పి ఉంటే నేను ఈ చర్చ మొదలుపెట్టే దానిని కాదు. నన్ను బాధించేది ఆ సంతకం. పక్షవాతం ఆయన కుడిచేతికి వచ్చింది. ఆ తరువాత బ్యాంకులో పింఛను తీయడానికి సంతకం కుదరక వేలిముద్ర వేసేవారు, అందుకు బ్యాంకువారు మేనేజరు ఎదుట ఒక కాగితం కూడా రాయించుకున్నారు. వీలునామా మీది సంతకమేమో గీత గీసినట్టు నిటారుగా ఉంది, ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో చేసిన సంతకంలాగా.

లెక్కల_మాస్టారు
ఆ బ్యాంకు కాగితం మీ కేసుకు ఊపిరి. సర్టిఫైడ్ కాపీలు ఇవ్వకపోతే కోర్టు ద్వారా సమన్లు పంపి తెప్పించవచ్చు. బ్యాంకు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, నాన్నగారి డిపాజిట్లకు నామినీ ఎవరు?

మూడోవాటా
పెద్దన్నయ్యే. ఆ సొమ్ము ఇప్పటికే తీసుకున్నాడు. నామినీ కాబట్టి తనదేనంటున్నాడు.

లెక్కల_మాస్టారు
కాదు. నామినీ అంటే బ్యాంకు చేతులు దులుపుకోవడానికి సొమ్ము ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పే ఏర్పాటు మాత్రమే. దాని మీద హక్కు వారసులదే. బీమా విషయంలో 1983లో సర్బతీదేవి కేసులోనూ, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులోనూ సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. బీమాకు మాత్రం 2015 సవరణ తరువాత ఒక మినహాయింపు ఉంది. తల్లిదండ్రులనో, భార్యనో, భర్తనో, పిల్లలనో నామినీగా పెడితే ఆ సొమ్ము వారికే దక్కుతుంది.

మా_వాటా_మాకే
పొలం గురించి ఎవరూ అడగలేదే! అది తాతగారి పొలమైతే పిత్రార్జితం. అందులో పుట్టుకతోనే అందరికీ హక్కు ఉంటుంది కాబట్టి నాన్నగారు వీలునామా రాసే ప్రసక్తే లేదు.

నల్లకోటు
ఇందులో రెండు పొరపాట్లు ఉన్నాయి. నిజంగానే పిత్రార్జితమైనా తన వంతు వాటాను వీలునామా ద్వారా ఇవ్వవచ్చని 1956 హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ చెబుతోంది. ఇక తాత నుంచి వచ్చిందంతా పిత్రార్జితం కాదు. తాతగారు 1956 తరువాత వీలునామా లేకుండా చనిపోయి, ఆయన స్వార్జితం 8వ సెక్షన్ కింద కొడుక్కి వస్తే, అది ఆ కొడుకు సొంత ఆస్తే అవుతుందని 1986లో చందర్‌సేన్ కేసులో తేల్చారు. ఆ పొలం నాన్నగారికి ఎలా, ఏ సంవత్సరంలో వచ్చిందో మూడోవాటా గారు చెప్పాలి.

మూడోవాటా
తాతగారు సొంతంగా కొన్నది. ఆయన 1979లో వీలునామా లేకుండా పోయారు. బాబాయిలతో పంపకం జరిగి మా నాన్నగారి వాటాకు వచ్చింది. ఇల్లు నాన్నగారు జీతంతో కొన్న స్థలంలో కట్టినది.

నల్లకోటు
అయితే రెండూ నాన్నగారి సొంత ఆస్తులే. ఇప్పుడు అసలు విషయం జాగ్రత్తగా చదవండి. 2016 వీలునామా చెల్లినా మీకు మూడో వంతే. అసలు ఏ వీలునామా లేదనుకున్నా, మొదటి తరగతి వారసులుగా కొడుకులకూ కూతురికీ సమాన హక్కు కాబట్టి మీకు మూడో వంతే. అలాంటప్పుడు 2016 పత్రాన్ని నెత్తికెత్తుకుని, దాని సాక్షులను వెతికి తెచ్చి రుజువు చేసే బరువు మీకెందుకు? వారసురాలిగా మూడో వంతు వాటా కోరుతూ పార్టిషన్ దావా వేయండి, 2016 వీలునామాను ప్రత్యామ్నాయంగా పేర్కొనండి. కొత్త వీలునామాను రుజువు చేయక తప్పని స్థితిలో పెద్దన్నయ్య గారు పడతారు. పాత పత్రం మీకు ఆయుధం కాదు, నాన్నగారి మనసు ఎటు ఉండేదో చెప్పే సాక్ష్యం.

వాయిదా_మూర్తి
ఈ మాట మా వకీలు మొదటి రోజునే చెప్పి ఉంటే మా మనవడికి బండి నడపడం వచ్చే లోపే నా కేసు తేలేదేమో.

చిన్నకోడలు
లాభం పొందేవారి బంధువు సాక్షిగా ఉంటే వీలునామా చెల్లదని విన్నాను. వదిన తమ్ముడు సాక్షి కాబట్టి అక్కడే కొట్టుకుపోదా?

నల్లకోటు
కొట్టుకుపోదు. సాక్షికిగానీ, సాక్షి భార్యకో భర్తకో గానీ రాసిన ఆస్తి వారికి చెందదని 1925 నాటి భారత వారసత్వ చట్టం 67వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ హిందువుల వీలునామాలకు వర్తించదు, వర్తించినా బావమరిది దాని పరిధిలోకి రాడు. బంధుత్వం సాక్ష్యం విలువను తగ్గిస్తుంది, పత్రాన్ని చంపదు.

చంపగలిగేది అదే చట్టంలోని 63వ సెక్షన్. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. వారిలో ప్రతి ఒక్కరూ వీలునామాదారు సంతకం చేయడం కళ్లారా చూసి ఉండాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోట స్వయంగా విని ఉండాలి. ఆ తరువాత ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి. ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండనవసరం లేదు. కోర్టులో ఒక్క సాక్షిని విచారిస్తే చాలునని పాత సాక్ష్య చట్టం 68వ సెక్షన్ చెప్పేది, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అది 67వ సెక్షన్. కానీ ఆ ఒక్క సాక్షి రెండో సాక్షి సంతకం గురించి కూడా చెప్పగలగాలని 2002లో జానకీ నారాయణ్ భోయిర్ కేసులో తేల్చారు.

తమ్ముడి_అక్క
మా ఇంటి గొడవ ఇంకో రకం. మా తమ్ముడికి మానసిక ఎదుగుదల లేదు. నాన్న తన తరువాత వాడి గతేమిటన్న భయంతో ఇంటి అద్దెలు వాడి పోషణకే వాడాలని వీలునామాలో ట్రస్టు ఏర్పాటు చేసి, మా పెదనాన్న గారిని ట్రస్టీగా పెట్టారు. వీలునామా మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా లెక్కల మీద. మూడేళ్లుగా అద్దె ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో అడిగితే "నన్నే లెక్క అడుగుతావా" అని ఆయన కన్నీళ్లు పెట్టుకుంటారు. తమ్ముడికి చెప్పులు కొన్నదీ మందులు కొన్నదీ నేను. మన ఇళ్లలో లెక్క అడగడం అవమానించడమే అవుతుంది కాబట్టి, ట్రస్టీగా పెట్టేటప్పుడు పెద్దరికం చూడకూడదని ఇప్పుడు తెలిసింది.

నల్లకోటు
1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం 19వ సెక్షన్ ప్రకారం స్పష్టమైన లెక్కలు ఉంచడం, లబ్ధిదారు పక్షం అడిగినప్పుడు చూపడం ట్రస్టీ విధి. తమ్ముడు తనంతట తాను అడగలేడు కాబట్టి, ముందు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసి మీరు చట్టబద్ధ సంరక్షకురాలు కండి. ఆ హోదాలో లెక్కలు కోరుతూ నోటీసు పంపండి. పెదనాన్న గారు తప్పుకోదలిస్తే ట్రస్టుల చట్టం 73వ సెక్షన్ కింద కొత్త ట్రస్టీని పెట్టుకునే వీలుంది. తప్పుకొనే మర్యాదైన దారి ఒకటి ఉందని తెలిస్తే కన్నీళ్లు తగ్గవచ్చు.

ఇంటిపెద్ద
మూడోవాటా గారికి ఒక సూచన. అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకుంటే కోర్టు అవసరం ఉండకపోవచ్చు. మేము అలాగే చేశాం. పెద్దమనుషుల ఎదుట పంచుకుని, తరువాత జ్ఞాపకార్థం ఒక కాగితం రాసుకున్నాం.

లెక్కల_మాస్టారు
మంచి దారే. ముందే జరిగిన పంపకాన్ని కేవలం నమోదు చేసుకునే కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదని 1976లో కాలే కేసులో చెప్పారు. ఆ కాగితమే కొత్తగా హక్కును సృష్టిస్తే మాత్రం రిజిస్టర్ కావాలి. ఇంట్లో రాసుకునే కాగితాల్లో చాలావరకు ఈ క్రియాపదం దగ్గరే చెడతాయి. "పంచుకున్నాము" అని రాయవలసిన చోట "పంచుకొనుచున్నాము" అని రాస్తారు.

విశ్రాంత_దస్తూరి
మాస్టారు గారు నా పొట్ట కొట్టే రహస్యం బయటపెట్టేశారు.

మూడోవాటా
ఈ పది రోజుల్లో జరిగినది చెబుతాను. పెద్దన్నయ్యతో మాట్లాడడానికి చిన్నన్నయ్యను వెంటబెట్టుకుని వెళ్లాను. "కోర్టులో చూసుకో" అన్నాడు. తహసీల్దారుకు మ్యుటేషన్ (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పు) చేయవద్దని రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చాను. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీస్తే 2016 వీలునామా అందులో కనబడలేదు. భయపడి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగితే, వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి, ఈసీలోకి రావు అన్నారు. నాన్నగారి మరణ ధృవపత్రం చూపించాక సర్టిఫైడ్ కాపీ ఇచ్చారు.

ఇంకొకటి. కింది వాటాలో ఉండే ఆయన నిన్న మెట్ల దగ్గర కనిపించి, తలదించుకుని, "అమ్మా, మీ అన్నయ్య గారు మా గుమ్మం దగ్గరికి కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే పెట్టాను, అయ్యగారు పైన పడుకుని ఉన్నారు" అన్నారు. నేను ఏమీ అడగలేదు.

గట్టుమీది_చెట్టు
రికార్డు చేశారా?

నల్లకోటు
చేయనందుకు సంతోషించండి, ఇకమీదట ఆయనను పలకరించి చెప్పించే ప్రయత్నం కూడా చేయవద్దు. సాక్షిని తిప్పుకున్నారన్న ఆరోపణ మీ మీదికే వస్తుంది. ఆయన మీ అన్నయ్య ఇంటి కింద అద్దెకున్న మనిషి, కోర్టు బోను ఎక్కే నాటికి మాట మారవచ్చు. అన్నయ్య గారు తెలివైన వారైతే ఆయనను పిలవకుండా బావమరిదినే పిలుస్తారు. అప్పుడు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగవలసిన ప్రశ్న ఒక్కటే: రెండో సాక్షి సంతకం చేసేటప్పుడు నాన్నగారు ఏ గదిలో ఉన్నారు, ఎవరు ఎటువైపు కూర్చున్నారు? చూడని మనిషి ఆ గదిని వర్ణించలేడు.

పోయిన వారి వీలునామాను కూడా రిజిస్ట్రేషన్‌కు సమర్పించే వీలు రిజిస్ట్రేషన్ చట్టం 40వ సెక్షన్‌లో ఉంది. అన్నయ్య గారు ఆ దారి పట్టవచ్చు కాబట్టి సబ్‌రిజిస్ట్రార్‌కు కూడా ఒక అభ్యంతర పత్రం ఇచ్చి రసీదు తీసుకోండి. దావాతో పాటే అన్యాక్రాంతం కాకుండా ఇంజంక్షన్ పిటిషన్ వేయండి. దావా నడుస్తుండగా అమ్మినా కొన్నవాడు తీర్పుకు కట్టుబడవలసిందే గానీ, కొత్త మనిషి రంగంలోకి దిగితే ఇంకో పదేళ్లు.

వాయిదా_మూర్తి
ఆ పదేళ్ల లెక్క నేను ధృవీకరిస్తున్నాను.

మూడోవాటా
సోమవారం దావా దాఖలు చేస్తున్నాం. చిన్నన్నయ్య నాతో కలిసి వాదిగా ఉండనన్నాడు. రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేసి, "నన్ను ప్రతివాదిగానే పెట్టు. అన్నయ్య ముఖం చూడాలి కదా. కానీ నాన్న కుడిచెయ్యి లేచేదా అని ఎవరైనా అడిగితే లేవలేదనే చెబుతాను" అన్నాడు.

నల్లకోటు
ఆయనను రెండో ప్రతివాదిగా చేర్చండి. జవాబు విడిగా, వేరే వకీలు ద్వారా దాఖలు చేసుకోమని చెప్పండి. పెద్దన్నయ్య గారి వకీలు ఇద్దరి తరఫునా ఒకే వకాలతు తెచ్చి సంతకం పెట్టమంటారు, అది సాధారణంగా మొదటి వాయిదా రోజునే జరుగుతుంది.